పాప పెళ్లి ఎఫ్‌డీ ముట్టుకోకుండా రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవడం తెలివితక్కువా?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. పాప పెళ్లికని మీ వారి పేరు మీద మూడు లక్షల ఎఫ్‌డీ ఉంది, దానికి 7 శాతం వస్తోంది. పోయిన ఏడాది స్లాబు కారుతుంటే రిపేరుకు రెండు లక్షలు కావాల్సి వచ్చింది. మీ వారు ఎఫ్‌డీ జోలికి పోకుండా, తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. మీరు లెక్క వేసి చూపిస్తే "అది పాప డబ్బు, దాన్ని ఇందులోకి లాగకు" అన్నారు. ఆయనది మూర్ఖత్వమా, లేక ఇందులో మీకు కనిపించని లెక్క ఏదైనా ఉందా అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. అంకెల్లో మీరు కరెక్టు. ఆయన భయం కూడా నిజమైనదే. కాబట్టి ఎఫ్‌డీని బ్రేక్ చేయకండి. దాని మీదే బ్యాంకులో లోను తీసుకుని బయటి అప్పు తీర్చేయండి. ఇప్పుడు నెలనెలా వడ్డీకి పోతున్న డబ్బును ఒక్క నెల కూడా ఆపకుండా, అదే తేదీన, ఆ లోనుకు కట్టండి. ఈ చివరి ముక్క వదిలేస్తే మిగతాదంతా చేసి లాభం లేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

పదహారేళ్లుగా నా పని ఇళ్ల జమాఖర్చులు రాయడం. మొదట్లో పరిశోధకుల తరఫున ఊళ్లు తిరిగి సర్వే ఫారాలు నింపేవాణ్ణి. తర్వాత ఖమ్మం, నల్గొండ వైపు పొదుపు సంఘాల మహిళలతో కూర్చుని ఇంటి బడ్జెట్లు వేయడం మొదలుపెట్టాను. మీలాంటి ఇల్లు నాకు తరచూ తగులుతుంది. బీరువాలో ఒకే కవరులో ఎఫ్‌డీ బాండు, ప్రామిసరీ నోటు జిరాక్సు రెండూ ఉంటాయి. ఒకటి 7 శాతానికి, ఇంకోటి 24 శాతానికి.

లెక్క ఒకసారి పూర్తిగా చూద్దాం. రెండు లక్షలకు నూటికి రెండు రూపాయలంటే నెలకు 4,000, ఏడాదికి 48,000. ఎఫ్‌డీలో అదే రెండు లక్షల మీద ఏడాదికి వచ్చేది 14,000. అంటే పాప డబ్బు ముట్టుకోనందుకు మీ ఇల్లు ఏటా 34,000 కడుతోంది. ఎఫ్‌డీ మీద లోనుకు బ్యాంకులు మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తాయి. 8 శాతం అనుకుందాం. ఇప్పుడు కడుతున్న నాలుగు వేలే నెలనెలా ఈ లోనుకు కడితే అసలు, వడ్డీ కలిపి సుమారు 61 నెలల్లో తీరిపోతుంది. ఎఫ్‌డీ ఎక్కడికీ పోదు, దాని వడ్డీ దానికి కలుస్తూనే ఉంటుంది. అదే ఐదేళ్లు బయటి అప్పుకు వడ్డీ కడితే 2,40,000 వెళ్లిపోతాయి, అసలు రెండు లక్షలు మాత్రం అలాగే నిలబడి ఉంటాయి. మిగతా అంకెలన్నీ పక్కన పెట్టి మీ వారికి ఈ ఒక్కటి చెప్పండి.

ఇక ఆయన ఎందుకలా చేశారన్నది. రూపాయి ఎక్కడున్నా రూపాయే అని ఎకనమిక్స్ పాఠం చెప్తుంది. మనుషులు అలా చూడరు. మనసులో వేరువేరు ఖాతాలు తెరిచి, ఇది కిరాణా డబ్బు, ఇది ఫీజుల డబ్బు, ఇది పెళ్లి డబ్బు అని పేర్లు పెట్టుకుంటారు, ఒక ఖాతాలోది ఇంకో ఖాతాకు వాడటానికి మనసొప్పదు. రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త దీనికి మెంటల్ అకౌంటింగ్ అని పేరు పెట్టి 1985లో వివరంగా రాశారు. 2017లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంతకు ముందే, 1981లో, ట్వర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక చిన్న ప్రశ్న వేశారు. నాటకానికి వెళ్తుంటే దారిలో 10 డాలర్ల నోటు పోయింది, అయినా 10 డాలర్లు పెట్టి టికెట్ కొంటారా అంటే 88 శాతం కొంటామన్నారు. ఇంకో గుంపును, ముందే 10 డాలర్లకు కొన్న టికెట్టే పోయింది, మళ్లీ కొంటారా అని అడిగితే 46 శాతమే సరే అన్నారు. పోయింది రెండుచోట్లా 10 డాలర్లే. కానీ రెండోసారి నాటకం ఖాతాలోంచే 20 పోతున్నట్టు అనిపించింది వాళ్లకు.

మనకు ఇది కొత్త సంగతేం కాదు, ముడుపు ఉంది కదా. మా అమ్మమ్మ పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడివేసి దేవుడి పటం వెనక పెట్టేది. ఒకసారి తాతయ్యకు జ్వరమొచ్చి మాత్రలకు చిల్లర లేకపోతే, పక్కింటికి వెళ్లి ఐదు రూపాయలు చేబదులు తెచ్చింది గానీ ఆ ముడి విప్పలేదు. గుడ్డ వెలిసిపోయి పసుపు రంగు కాస్తా తెల్లబడింది. తిరపతి వెళ్లినప్పుడు అలాగే హుండీలో వేసింది. ఆ గుడ్డలో ఉన్నదీ డబ్బే. ముడి పడ్డాక ఆమె దృష్టిలో అది ఇంట్లో డబ్బు కాదు. మీ వారికి ఆ ఎఫ్‌డీ అలాంటి ముడుపే.

ఇది చదువుకోని వాళ్ల అలవాటు అనుకోకండి. అమెరికాలో క్రెడిట్ కార్డు బాకీ మోస్తున్నవాళ్ల మీద 2002లో వచ్చిన ఒక పరిశోధనలో, వాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఒక నెల ఆదాయానికి మించిన డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉన్నట్టు తేలింది. ఒకవైపు కార్డు మీద పెద్ద వడ్డీ కడుతూ, ఇంకోవైపు ఖాతాలో నామమాత్రపు వడ్డీ తీసుకుంటున్నారు. మీ బీరువాలోని కవరు లాంటిదే.

నాకు మాత్రం ఈ విషయం అమెరికా లెక్కల్లోకంటే విజయవాడ లెక్కల్లో బాగా అర్థమైంది. పేదవాళ్లు డబ్బును ఎలా నడుపుకుంటారో ఏళ్ల తరబడి చూసిన స్టూవర్ట్ రూథర్‌ఫర్డ్, విజయవాడ మురికివాడల్లో ఒక పద్ధతి గమనించి రాశారు. అక్కడ ఒక మహిళ రోజూ ఇల్లిల్లూ తిరిగి డబ్బు పోగు చేస్తుంది. ప్రతి ఇంటికీ 220 గడులు గీసిన ఒక కార్డు ఇస్తుంది. గడికి ఐదు రూపాయల చొప్పున గడులన్నీ నిండితే 1,100 అవుతాయి. అప్పుడు ఆమె వెయ్యి తిరిగి ఇస్తుంది, వంద తన కష్టానికి ఉంచుకుంటుంది. అంటే వీళ్లు దాచుకుంటూ ఎదురు వడ్డీ కడుతున్నారు. ఏడాది లెక్కన అది మైనస్ 30 శాతం దాకా పడుతుంది.

మొదటిసారి అది చదివినప్పుడు ఇంత అన్యాయం ఏమిటి అనుకున్నాను. తర్వాత ఊళ్లలో ఇళ్లకు వెళ్లి కూర్చున్నాక తెలిసింది. ఆ ఇల్లాలికి ఐదు రూపాయలు ఇంట్లో దాస్తే సాయంత్రానికి ఉండవు. పిల్లాడు ఏడుస్తాడు, మగాయన అడుగుతాడు, చుట్టం వస్తాడు. గుమ్మం ముందుకొచ్చి నిలబడే మనిషి ఉంటే ఆ ఐదు రూపాయలు పక్కకు వెళ్తాయి. ఆ ఇల్లాలు వంద రూపాయలు కడుతున్నది ఆ మనిషి రోజూ వచ్చి గుమ్మం ముందు నిలబడినందుకు.

అదే విజయవాడలో ఇంకో మహిళ సంగతి మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉంటుంది. బ్యాంకులో తనకు పొదుపు ఉండగానే, నెలకు 15 శాతానికి ఒక చిన్న అప్పు తెచ్చుకుంది. ఎందుకమ్మా అని అడిగితే ఆమె చెప్పిన కారణం ఇది: ఇంత వడ్డీ అయితే భయానికి తొందరగా తీర్చేస్తాను, నా పొదుపే తీసి వాడేస్తే దాన్ని మళ్లీ నింపడానికి చాలా కాలం పడుతుంది. తన గురించి తనకు అంత స్పష్టంగా తెలుసు ఆమెకు. మీ వారు మాటల్లో చెప్పలేకపోతున్నది ఇదే కావచ్చు, ఒకసారి అడిగి చూడండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో నల్గొండ వైపు ఒక ఆటో డ్రైవరు ఇంటికి బడ్జెట్ వేశాను. కొడుకు చదువుకని పోస్టాఫీసులో 60,000 ఉన్నాయి. బయట మూడు రూపాయల వడ్డీకి 50,000 అప్పు. కాగితం మీద గీతగీసి చూపించి, డిపాజిట్ తీసి అప్పు కట్టేయమన్నాను. విన్నారు, మర్నాడే కట్టేశారు. నెలకు పదిహేను వందలు మిగులుతాయి, అవి మళ్లీ పోస్టాఫీసులో వేసుకోండి అని చెప్పి వచ్చేశాను. ఏడాది తర్వాత వెళ్తే పోస్టాఫీసు పుస్తకంలో ఒక్క ఎంట్రీ కూడా లేదు. ఆ పదిహేను వందలు ఎటు పోయాయో మొగుడూ పెళ్లాం ఇద్దరూ చెప్పలేకపోయారు. మధ్యలో చెల్లెలి సీమంతం వచ్చి మళ్లీ మూడు రూపాయల వడ్డీకే 40,000 తెచ్చారు. అప్పు దాదాపు మొదటికొచ్చింది, పిల్లాడి డబ్బు మాత్రం పోయింది. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. "వడ్డీ కట్టే రోజుల్లో తేదీ గుర్తుండేది సార్. మా డబ్బు మాకే కట్టుకోమంటే అడిగేవాడెవడున్నాడు?" అంది. నేను లెక్క సరిగ్గానే చేశాను, కానీ ఉన్న గోడను కొట్టేసి దాని స్థానంలో ఇంకోటి కట్టకుండా వచ్చేశాను. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఆ పని చేయలేదు.

రేపటి లాభం కంటే ఇవాళ్టి చిన్న సుఖం పెద్దదిగా కనిపించడాన్ని పరిశోధకులు ప్రెజెంట్ బయాస్ అంటారు. కర్ణాటక పల్లెల్లో బావర్, చితిలోవా, మార్డక్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. అప్పు చేసిన ఆడవాళ్లలో ఇలాంటి తత్వం ఉన్నవాళ్లు మైక్రోఫైనాన్స్ వైపు ఎక్కువగా మొగ్గుతున్నట్టు అందులో కనిపించింది. వారం వారం సంఘం ముందు కట్టాల్సిన కిస్తీయే వాళ్లకు క్రమశిక్షణ అవుతోందని వాళ్ల వివరణ. మన దగ్గర చీటీ కూడా సగం ఇందుకే నిలబడింది. చీటీ పాటలో ఎంత పోతుందో తెలిసీ కడతారు, ఎందుకంటే చీటీ డబ్బు కట్టకపోతే నలుగురిలో పరువు పోతుంది.

ఫిలిప్పీన్స్‌లో ఇంకో ప్రయోగం జరిగింది, 2006లో ప్రచురించారు. ఒక బ్యాంకు తన ఖాతాదారుల్లో కొందరికి, మీరు పెట్టుకున్న తేదీ గానీ మొత్తం గానీ వచ్చేదాకా తీయలేని ఖాతా ఇస్తాం అంది. వడ్డీ మామూలు ఖాతాకు ఉన్నంతే. చేతులు కట్టేసుకునే ఖాతా ఎవరు తీసుకుంటారు అనుకుంటాం. 28 శాతం మంది తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ అవకాశం ఇచ్చిన గుంపులో పొదుపు, ఇవ్వని గుంపు కంటే 81 శాతం పాయింట్లు ఎక్కువ పెరిగింది.

కానీ జాగ్రత్త, గట్టి ముడి అందరికీ మంచిది కాదు. అదే ఫిలిప్పీన్స్‌లో తర్వాత జరిగిన ఇంకో ప్రయోగంలో, వారం వారం ఇంత కడతాను, తప్పితే జరిమానా కడతాను అని ఒప్పుకున్నవాళ్లలో 55 శాతం మంది మధ్యలోనే తప్పి నష్టపోయారు. తమ గురించి తాము ఎక్కువ అంచనా వేసుకున్నారు. నేను ఇళ్లలో చూసేది కూడా ఇదే. ఉత్సాహంలో నెలకు పదివేల చీటీకి ఒప్పుకుంటారు, నాలుగో నెల దాన్ని కట్టడానికి గొలుసు కుదువ పెడతారు. అందుకే మీకు నాలుగు వేలే చెప్తున్నాను. ఏడాదిగా మీరు కడుతున్నారు కాబట్టి అది మోయగలిగిన బరువే. దాన్ని ఆరు వేలు చేద్దామని మీకు అనిపిస్తుంది. మొదటి ఆరు నెలలు వద్దు.

ఇంకో సంగతి, మనం వడ్డీని చెప్పుకునే తీరు. "రెండు రూపాయలే, ధర్మవడ్డీ" అంటాం. రెండు అనే అంకె చిన్నది, పైగా నూటికి అన్నదీ, నెలకు అన్నదీ మాటలో మింగేస్తాం. అదే మనిషి బ్యాంకు 11 శాతం అంటే "అమ్మో పదకొండా" అంటాడు. సర్వేల్లో ఇది లెక్కలేనన్నిసార్లు విన్నాను. బడి పంతుళ్లు, అకౌంటెంట్లు కూడా అన్నారు. రెండు రూపాయలను ఇంట్లో ఎప్పుడూ "ఏడాదికి నూటికి ఇరవై నాలుగు" అనే పలకండి. కొన్నాళ్లకు చెవికి అలవాటవుతుంది.

మీ వారితో ఈ మాట ఎప్పుడు ఎత్తాలన్నది కూడా ముఖ్యమే. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పరీక్షించారు, 2013లో ఫలితాలు వచ్చాయి. అవే మనుషులు చేతిలో డబ్బు లేని రోజుల్లో తర్కం ప్రశ్నల్లో వెనకబడ్డారు. డబ్బుకు కటకటగా ఉంటే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది, మిగతావాటికి చోటుండదు. కాబట్టి నెలాఖరులో, వడ్డీ కట్టే ముందురోజు రాత్రి ఈ చర్చ పెట్టకండి. జీతం పడిన వారంలో, ఇద్దరూ తిన్నాక, కాగితం పెన్ను పెట్టుకుని కూర్చోండి.

మూర్ఖత్వం అన్న మాట అసలు రానీయకండి. పాప కోసం ఆయన ఒక గోడ కట్టారు, ఏడాదిగా సొంత జేబు కోసుకుంటూ దాన్ని కాపాడుతున్నారు. "పాప డబ్బు తీద్దాం" అంటే మళ్లీ కాదంటారు. "పాప డబ్బు అలాగే ఉంటుంది, ఏటా వేరేవాళ్ల ఇంటికి పోతున్న 48,000 ఆపుదాం" అనండి. మనకు రాబోయే లాభం కంటే చేజారే నష్టం ఎక్కువ బాధిస్తుందని కానెమన్, ట్వర్‌స్కీ 1979లోనే చూపించారు. ఆయనకు కనిపిస్తున్న నష్టం ఒకటే, ఎఫ్‌డీ పోవడం. రెండో నష్టం నెలకు నాలుగు వేల చొప్పున చిన్నచిన్నగా పోతోంది కాబట్టి కంటికి ఆనడం లేదు. బాండు ఉన్న కవరు మీద పాప ఫోటో అంటించి పేరు రాయండి. చిన్నపిల్లల ఆటలా అనిపించినా, మన దేశంలోనే కూలి పనివాళ్లతో చేసిన ఒక ప్రయోగంలో, కూలి డబ్బులో కొంత విడిగా కవరులో పెట్టి దాని మీద పిల్లల ఫోటో ఉంచితే పొదుపు పెరిగింది.

ఇన్ని ప్రయోగాలు చెప్పానని వీటిని మంత్రాలు అనుకోకండి. ఇలాంటి చిన్న మార్పులు మనుషులు చేసే పనుల్లో, పరిశోధనా పత్రాల ప్రకారం సగటున 8.7 శాతం పాయింట్ల తేడా చూపిస్తే, అమెరికాలో ప్రభుత్వ పథకాల్లో పెద్ద ఎత్తున అమలు చేసినప్పుడు తేడా 1.4 మాత్రమే అని 2022లో ఇద్దరు పరిశోధకులు లెక్క తేల్చారు. కవరు మీద ఫోటో ఒక్కటే మీ అప్పు తీర్చదు. తేదీకి ఖాతాలోంచి తనంతట తాను కదిలే నాలుగు వేలు తీరుస్తాయి.

ఇక బ్యాంకులో అడగాల్సినవి. ఐదేళ్ల ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీ అయితే దాన్ని మధ్యలో తీయలేరు, దాని మీద లోనూ రాదు, ముందు అది చూసుకోండి. పాప పేరు మీద మార్చాలని మీ వారికి ఉంటే ఇప్పుడు మార్చకండి. మైనర్ల డిపాజిట్ మీద లోను దగ్గర బ్యాంకులు సవాలక్ష అడుగుతాయి. లోను గడువు ఎఫ్‌డీ గడువుతో ముడిపడి ఉంటుంది కాబట్టి రెన్యువల్ సమయంలో ఏం చేస్తారో కనుక్కోండి. మధ్యలో ఎక్కువ కడితే జరిమానా ఉందా అని కూడా. జీతం పడిన మర్నాటి తేదీకి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, అంటే నెలనెలా డబ్బు తనంతట తానే లోనుకు వెళ్లే ఏర్పాటు, పెట్టించి రండి, ఆ పని చేయకుండా బ్యాంకు బయటికి రావద్దు. లోను తీరాక అదే నాలుగు వేలు ఆర్డీకి మళ్లించండి. పాపకు పదేళ్లు నిండకపోతే సుకన్య ఖాతా చూడండి, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా గానీ పదో తరగతి పాసయ్యేదాకా గానీ అందులోంచి మామూలుగా తీయలేరు. మీ వారికి కావాల్సిన గోడ అదే.

ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే పోట్లాడకండి. నెలకు వెయ్యో రెండు వేలో అసలులో జమ చేయడం మొదలుపెట్టండి, కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. పూర్తిగా తీర్చిన రోజున నోటు చేతికి తీసుకుని, చెల్లిపోయినట్టు రసీదు రాయించుకున్నాకే ఇంటికి రండి. తెలిసినవాళ్లే కదా అని నోటు అక్కడే వదిలేసి, తర్వాత ఇబ్బంది పడిన ఇళ్లు చూశాను.